మడగాస్కర్ వాళ్ళ "వారి", మన "వరి" చుట్టాలేనా? ఆస్ట్రోనేషియన్ భాషల మీద చర్చ

సరంగు:
అందరికీ నమస్కారం. నేను సరుకు ఓడలో పనిచేస్తాను. మడగాస్కర్‌లో తోమాసినా రేవుకి వెళ్ళినప్పుడల్లా బయట హోటల్లో భోజనం చేయడం నాకు అలవాటు. అక్కడ అన్నాన్ని "వారి" అంటారు. పొలంలో ఉన్న పంటకీ అదే మాట, పళ్ళెంలోకి వచ్చాక కూడా అదే మాట. మన వరికీ దీనికీ సంబంధం లేదంటే నమ్మబుద్ధి కావడం లేదు. మా ఓడలో ఇండోనేషియా కుర్రాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ మాటల్లో బూమి, నామ, గురు, బహాస అని వింటూనే ఉంటాను. అంటే భూమి, నామం, గురువు, భాష. మరి వీళ్ళంతా మనకి ఏమవుతారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

కళింగవీర:
ఏమవుతారేంటి బ్రో, మనవాళ్ళే. కళింగ నావికులు జావా దాకా వెళ్ళి నాగరికత నేర్పారు. భాష కూడా మనదే పోయి ఉంటుంది.

తాళపత్రం:
సరంగు గారూ, ఇందులో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ముందు మడగాస్కర్ సంగతి చూద్దాం.

మడగాస్కర్ వాళ్ళ భాష పేరు మలగాసీ. ఆఫ్రికా పక్కనే ఉన్నా అది ఆఫ్రికా భాష కాదు, మన భాషా కాదు. దాని దగ్గరి బంధువులు బోర్నియో దీవిలో, బరీతో నది దగ్గర ఉన్నాయి. అక్కడి మఆన్యన్ అనే భాషకి మలగాసీ దాదాపు తోబుట్టువని ఒట్టో దాల్ అనే నార్వే పండితుడు 1951లో చూపించాడు. మధ్యలో హిందూ మహాసముద్రమంతా ఉంది. అయినా చుట్టరికం మీద ఇప్పుడు పేచీ లేదు. మలేషియా వాళ్ళ మలయ్‌కీ మలగాసీకీ పోలిక ఉందని అంతకు చాలా ముందే పసిగట్టారు. ఫ్రెడెరిక్ డి హౌట్‌మన్ అనే డచ్ నావికుడు 1603లోనే ఈ రెండు భాషలనీ ఒకే పుస్తకంలో పెట్టి పదకోశం అచ్చువేయించాడు.

అంకెలు చూడండి, మూడు నుంచి ఎనిమిది వరకు, పలికినట్టే రాస్తున్నాను.
మలగాసీ: తేలు, ఎఫత్ర, దిమి, ఎనిన, ఫితు, వాలు
జావానీస్: తెలు, పపత్, లిమ, ఎనెమ్, పితు, వొలు
తగలోగ్ (ఫిలిప్పీన్స్): తత్లో, అపత్, లిమ, అనిమ్, పితో, వలో
మావోరీ (న్యూజిలాండ్): తోరు, ఫా, రిమ, ఒనొ, ఫితు, వారు

మడగాస్కర్ నుంచి న్యూజిలాండ్ దాకా ఒకే వరస. ఈ భాషలన్నీ ఒకే కుటుంబం, దాని పేరే ఆస్ట్రోనేషియన్. చాలా భాషల్లో ఐదు అన్నా చెయ్యి అన్నా "లిమ"యే, ఐదు వేళ్ళు కదా.

ఇక మీ "వారి". మలయ్‌లో "బ" ఉన్నచోట మలగాసీలో "వ" వస్తుంది. రాయి అక్కడ బాతు, ఇక్కడ వాతు. చంద్రుడు బులన్, ఇక్కడ వులన. వెంట్రుక బులు, ఇక్కడ వులు. ఇది ఏదో ఒకటి రెండు మాటల్లో కాదు, వరసపెట్టి జరుగుతుంది. బోర్నియోలో అదే ప్రాంతంలో ఉన్న ఙాజు భాషలో అన్నాన్ని "బారి" అంటారు. బారి, వారి. రాయి, చంద్రుడు, వెంట్రుక నడిచిన దారిలోనే అన్నమూ నడిచింది.

సరంగు:
బాగుందండీ. కానీ ఆ "బారి" బోర్నియోకి మన దగ్గర నుంచే వెళ్ళి ఉండొచ్చు కదా? ఓడలు అటు వెళ్ళేవి, మా వాళ్ళు కూడా ఉండే ఉంటారు.

తాళపత్రం:
అడగదగ్గ ప్రశ్నే. ద్రావిడ మూలం అని వాదించినవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ వాదన నిలవదనిపిస్తుంది. వరి మాట ఒక్కటీ దొరికి, దాని చుట్టూ నారు, మడి, ఊక, చేట లాంటివేవీ మన వైపు నుంచి వెళ్ళినట్టు కనబడకపోతే ఆ ఒక్క మాట మీద ఎంత బరువు పెట్టగలం? పైగా ఈ ఆస్ట్రోనేషియన్ జనం వరి పండించడం మొదలుపెట్టింది మన ఓడలు అటు వెళ్ళడానికి వేల ఏళ్ళ ముందు.

పేరాక్_తెలుగమ్మాయి:
నేను మలేషియాలో పుట్టి పెరిగాను. మా ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి తోటల్లో పనికి ఇక్కడికి వచ్చారు. ఇంట్లో తెలుగు, బడిలో మలయ్. ఈ రెండూ ఒకటే కుటుంబం అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది.

మలయ్‌లో సంస్కృతం బోలెడు ఉంది, నిజమే. నెగర (దేశం, మన నగరం), అగమ (మతం, మన ఆగమం), దెండ (జరిమానా, మన దండన), దోస (పాపం, మన దోషం), పుఆస (ఉపవాసం), సువామి, ఇస్త్రి. ఇస్త్రి అంటే భార్య, బట్టలకి చేసేది కాదు. వీటిలో ఎక్కువ ఎక్కడివో గమనించండి. గుడి, రాజ్యం, న్యాయం, చదువు, అంతే. వర్షం, నిప్పు, పేను, కన్ను, చావు, తాగడం లాంటివి చూస్తే ఒక్కటీ మనది కాదు. నీళ్ళు "ఆయెర్", నిప్పు "అపి", కన్ను "మత", పేను "కుతు".

ఇంకో సంగతి. మలయ్‌లో చెవిని "తెలింగ" అంటారు! బడిలో మా టీచరు చెవి బొమ్మ చూపించి ఇదేంటి అని అడిగితే తెలుగు పిల్లలం మాత్రం నవ్వేవాళ్ళం. తెలంగాణకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఫిజీలో దలింగ, సమోవాలో తలింగ, మావోరీలో తరింగ. అన్నీ చెవులే.

కళింగవీర:
తలని "కెపాల" అంటారు, ముఖాన్ని "ముక" అంటారు. ఇవి కపాలం, ముఖం కావా? గుడి మాటలే అన్నారు, మరి తల ఎందుకు అరువు తెచ్చుకున్నారు మేడమ్?

పేరాక్_తెలుగమ్మాయి:
ఆ రెండూ అరువే, ఒప్పుకుంటాను. కానీ పాత మాట పూర్తిగా చావలేదు. తలకి పాత మాట "హులు". ఇప్పుడు మలయ్‌లో ఏటికి ఎగువ వైపుని హులు అంటున్నారు. ఫిలిప్పీన్స్‌లో తల ఇప్పటికీ "ఉలో"యే, మలగాసీలో "లుహ".

మరో మాట, "కళింగ" నుంచి వచ్చిందనే "కెలింగ్" గురించి గర్వంగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పాత రోజుల్లో అది మామూలు పేరే. ఇప్పుడు ఇక్కడ భారతీయులని కెలింగ్ అంటే తిట్టినట్టే. మలేషియా వచ్చినప్పుడు దయచేసి ఆ మాట వాడకండి అన్నయ్యా.

తాళపత్రం:
అరువు మాటలు మరో పని కూడా చేసిపెడతాయి, కాలం చెబుతాయి. మన "శేషం" మలయ్‌లోకి "సిస"గా వెళ్ళింది, అదే "సిస" మలగాసీలోనూ ఉంది, మిగిలింది అనే అర్థంలోనే. అంటే మలగాసీ పూర్వులు బోర్నియో వదిలే నాటికే ఆ దీవుల్లో సంస్కృతం వాడుకలోకి వచ్చేసింది. అందుకే ఆ వలస క్రీస్తుకు ముందు కాదు, తర్వాత కొన్ని శతాబ్దాలకి జరిగిందంటారు.

ఇక "నాగరికత నేర్పారు" అన్నదానికి. సుమత్రాలో పాలెంబాంగ్ దగ్గర కెదుకాన్ బుకిత్ శాసనం క్రీ.శ. 680ల నాటిది, పల్లవ లిపిలో ఉంది. లిపి మన వైపుది, తిథులూ మన వైపువి, కానీ భాష పాత మలయ్. అంతకన్నా పాతది వియత్నాంలో చామ్ భాషలో ఉన్న శాసనం, సుమారు 4వ శతాబ్దంది, రాజుగారి నాగదేవత గురించి. ఆస్ట్రోనేషియన్ భాషల్లో మనకి దొరికిన అతి పాత రాత అదే. లిపి మనం ఇచ్చామని గర్వపడండి, తప్పులేదు. భాష మాత్రం వాళ్ళదే.

నల్లబల్ల:
నాకు ఒకటి అర్థం కావడం లేదు. ఇన్ని దీవులు, ఇంత సముద్రం. మొదలు ఎక్కడ? ఇండోనేషియా మధ్యలో ఉంది కాబట్టి అక్కడే అనుకోవాలా?

తాళపత్రం:
మధ్యలో ఉన్నంత మాత్రాన మొదలు అక్కడే అనుకోకూడదు నల్లబల్ల గారూ. తైవాన్ చూడండి. కేరళ కన్నా కాస్త చిన్న దీవి. ఈరోజు అక్కడ అందరూ చైనీస్ మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కానీ చైనా నుంచి జనం పెద్ద సంఖ్యలో వచ్చింది 17వ శతాబ్దం నుంచే. అంతకుముందు వేల ఏళ్ళుగా ఉన్నవాళ్ళు అమిస్, అతయల్, పైవాన్, బునున్, త్సౌ, రుకై, పుయుమ లాంటి జాతులు. ఇప్పుడు వాళ్ళు జనాభాలో రెండు మూడు శాతం.

రాబర్ట్ బ్లస్ట్ ఈ భాషల మీద బతుకంతా గడిపిన పండితుడు, 2022లో పోయారు. ఆయన లెక్కలో ఈ కుటుంబానికి పది మొదటి కొమ్మలు. అందులో తొమ్మిది తైవాన్‌లోనే ఉన్నాయి. పదో కొమ్మ పేరు మలయో-పోలినేషియన్. తైవాన్ బయట ఉన్న వెయ్యికి పైగా భాషలన్నీ, అంటే మలయ్, జావానీస్, తగలోగ్, మలగాసీ, ఫిజియన్, హవాయియన్, అన్నీ ఆ ఒక్క కొమ్మ మీదే. కొమ్మలు ఎక్కడ ఎక్కువ విడిపోయి ఉంటాయో భాష ఎక్కువ కాలం ఉన్నది అక్కడే అనుకోవడం ఈ శాస్త్రంలో మామూలు. తవ్వకాలు కూడా చాలావరకు దీనికే సాక్ష్యం చెబుతున్నాయి. చైనా తీరం నుంచి సాగు తెలిసినవాళ్ళు ఐదారు వేల ఏళ్ళ కిందట తైవాన్ చేరారు, సుమారు 4,000 ఏళ్ళ కిందట ఫిలిప్పీన్స్‌లో దిగారు. ఆ తర్వాత ఆగలేదు.

తొమ్మిది కొమ్మలు అన్నది మాత్రం అందరూ ఒప్పుకోరు. మాల్కం రాస్ లెక్క వేరు, పుయుమ, రుకై, త్సౌ మూడిటినీ విడదీసి మిగతావన్నీ ఒక్క గుంపు అంటాడు. లారెంట్ సగార్ట్ అంకెలు పట్టుకుంటాడు, ఐదు నుంచి పది వరకు అంకెల మాటలు ఒక్కసారిగా కాక ఒకదాని తర్వాత ఒకటి పుట్టాయని, ఆ వరసలోనే కొమ్మలు చీలాయని అతని వాదన. నాకు బ్లస్ట్ లెక్కే ఎక్కువ నచ్చుతుంది, కానీ పందెం కట్టను. తైవాన్ మొదలు అన్న దగ్గర మాత్రం ముగ్గురూ ఒకటే.

నల్లబల్ల:
ఆ తైవాన్ భాషలు ఇప్పుడు ఎలా ఉన్నాయి?

తాళపత్రం:
బాగోలేవు. సిరయ అనే భాషలోకి డచ్ పాదరీలు 1661లో మత్తయి సువార్తని తర్జుమా చేశారు. తర్వాత మాట్లాడేవాళ్ళు చైనీస్‌లోకి మారిపోయారు. ఇప్పుడు వాళ్ళ వారసులు ఆ పాత పుస్తకం ముందేసుకుని భాషని తిరిగి నేర్చుకుంటున్నారు. పజే భాష బాగా వచ్చిన ఆఖరి మనిషి, పాన్ జిన్-యూ అనే ముసలామె, 2010లో పోయింది. 2017లో ఆదివాసీ భాషల చట్టం చేశారు, బడుల్లో పాఠాలు ఉన్నాయి. కానీ ఇంట్లో మాట్లాడకపోతే చట్టం ఏం చేస్తుంది చెప్పండి.

దుబాయ్_శీను:
నేను ఫిలిపినో వాళ్ళతో కలిసి పనిచేస్తాను. వాళ్ళ తగలోగ్ నేర్చుకుందామని దిగి నడుం విరిగింది. ఒకే క్రియ నాలుగు రకాలుగా మారుతుంది, ఎప్పుడు ఏది వాడాలో తెలీదు. ఎవరైనా తెలుగులో చెప్పండ్రా బాబూ.

తాళపత్రం:
శీనూ, అది ఈ కుటుంబంలో అందమైన భాగం, వదిలేయకు. మనం "మనిషి చేపని కొట్లో కొన్నాడు" అంటాం. ఎవరు, దేన్ని, ఎక్కడ అన్నది "ని", "లో" లాంటి విభక్తులు చెబుతాయి, క్రియ కదలదు. తగలోగ్‌లో వాక్యంలో దేని మీద దృష్టి ఉందో దాని ముందు "అంగ్" పెడతారు, దానికి తగ్గట్టు క్రియే మారుతుంది.

"బిలి" అంటే కొనడం.
బుమిలి అంగ్ లలాకి నంగ్ ఇస్దా: మనిషి చేప కొన్నాడు. దృష్టి మనిషి మీద.
బినిలి నంగ్ లలాకి అంగ్ ఇస్దా: ఆ చేపని కొన్నది ఒక మనిషి. దృష్టి చేప మీద.
కొట్టు మీద దృష్టి పెడితే "బినిల్హాన్" అవుతుంది, ఎవరికోసమో కొంటే "ఇబినిలి".

చూశావా, "ఉమ్", "ఇన్" అనేవి మాట ముందో వెనకో కాకుండా నడుమ దూరతాయి. తైవాన్ భాషల్లోనూ ఇదే పద్ధతి. మలయ్‌కి వచ్చేసరికి ఇది చాలావరకు అరిగిపోయింది, అందుకే మలయ్ నేర్చుకోవడం తేలికంటారు.

దుబాయ్_శీను:
ఓహో, అంగ్ ఎక్కడుందో చూసి క్రియ పట్టుకోవాలన్నమాట. రేపు డ్యూటీలో ట్రై చేస్తా. థాంక్స్ అన్నా.

పేరాక్_తెలుగమ్మాయి:
శీను గారికి కష్టమైంది చెప్పారు, మనకి తేలికైంది నేను చెబుతాను. మనం, మేము. మలయ్‌లో "కిత" అంటే మనం, "కామి" అంటే మేము. మా క్లాసులో చైనీస్ పిల్లలకి ఈ తేడా ఎక్కించడానికి టీచరు తంటాలు పడేది, మాకు చెప్పకుండానే వచ్చేసింది. హవాయిలో మనం "కాకౌ", మేము "మాకౌ". ఇద్దరమే అయితే మళ్ళీ వేరే మాటలు. ఫిజియన్‌లో ఇంకా ఘోరం. ఇద్దరం, కొద్దిమందిమి, చాలామందిమి, మళ్ళీ వీటిలో ఒక్కోదానికీ మనం వేరు, మేము వేరు!

కళింగవీర:
చూశారా, మనం-మేము కూడా ఉంది. హిందీలో లేదు, సంస్కృతంలో లేదు. ఇది చుట్టరికం కాదా?

పేరాక్_తెలుగమ్మాయి:
కాదు అన్నయ్యా. ఈ తేడా దక్షిణ అమెరికా కెచువాలోనూ ఉంది. వాళ్ళనీ కళింగం నుంచే పంపిస్తారా?

గట్టుమీద_గిరి:
😂😂

సీతంపేట_రవి:
ఇన్ని దూరాలు వెళ్ళారు గానీ మా ఊరి పక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. మా శ్రీకాకుళం, మన్యం కొండల్లో సవర భాష ఉంది. అది "ఆస్ట్రో" భాష అని కాలేజీలో చెప్పారు. అంటే సవర వాళ్ళు ఈ మలయ్ వాళ్ళకి చుట్టాలన్నమాటేగా?

తాళపత్రం:
రవి గారూ, అది ఆస్ట్రో-ఏషియాటిక్, ఇది ఆస్ట్రోనేషియన్. రెండు వేరే కుటుంబాలు, పేర్లు మాత్రం తికమక పెడతాయి. సవర, గదబ (ఒడిశా వైపు గుతోబ్), సంతాలీ, వియత్నామీస్, ఖ్మేర్ ఒక ఇల్లు. అండమాన్ నికోబార్‌లో నికోబారీ కూడా ఆ ఇంటిదే, సుమత్రాకి అంత దగ్గర ఉన్నా సరే. సవర మీద మొదట గట్టి పని చేసింది మన గిడుగు రామమూర్తి పంతులు గారే. వాడుక భాష ఉద్యమం గురించే అందరూ చెబుతారు గానీ, ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది, 1938లో నిఘంటువు.

కానీ మీ అనుమానం వచ్చింది మీ ఒక్కరికే కాదు. విల్హెల్మ్ ష్మిట్ అనే క్రైస్తవ గురువు 1906లో ఈ రెండు ఇళ్ళూ ఒకే తల్లి పిల్లలని ప్రతిపాదించి, దానికి ఆస్ట్రిక్ అని పేరు పెట్టాడు. ఆస్ట్రోనేషియన్ అన్న పేరూ ఆయన పెట్టిందే. తర్వాత లారెన్స్ రీడ్ లాంటివాళ్ళు నికోబారీలో ఉన్న ఉపసర్గలు, మాట నడుమ దూరే ప్రత్యయాలు చూపించి ఈ వాదనకి బలం ఇచ్చారు. మాటల్లో మాత్రం సాక్ష్యం పలచన, ఎక్కువమంది పండితులు ఇంకా ఒప్పుకోలేదు.

సీతంపేట_రవి:
గిడుగు వారి పేరు ఇక్కడ వస్తుందనుకోలేదు. సంతోషం సార్.

సరంగు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పసిఫిక్ వైపు ఎలా వెళ్ళారో చెప్పండి. ఇంజన్ ఉన్న ఓడలో కూడా ఆ సముద్రం మా ప్రాణం తీస్తుంది. పక్క కర్ర కట్టిన పడవల్లో ఎలా పోయారు?

తాళపత్రం:
ఒక్కసారిగా కాదు, ఆగి ఆగి. 3,000 ఏళ్ళకి కాస్త ముందు పాపువా న్యూ గినీ పక్కన బిస్మార్క్ దీవుల్లో లపిత అనే కుండల సంస్కృతి కనబడుతుంది, చుక్కలతో అద్దిన నగిషీ కుండలు. ఓషియానిక్ అనే కొమ్మ మాట్లాడింది వాళ్ళే అంటారు. అక్కడి నుంచి కొద్ది శతాబ్దాల్లోనే వనువాటు, ఫిజీ, తోంగా, సమోవా చేరిపోయారు. ఆ తర్వాత వెయ్యేళ్ళకి పైగా ఆగారు, ఎందుకో తేలలేదు. మళ్ళీ కదిలి తహితి, హవాయి, రపానుయి (ఈస్టర్ దీవి), చివరికి 13వ శతాబ్దంలో న్యూజిలాండ్. మనకి కాకతీయుల కాలం.

చివర్లో అంత వేగంగా పోయారు కాబట్టే అక్కడి భాషలు ఇంకా దగ్గరగా ఉన్నాయి. కెప్టెన్ కుక్ 1769లో తహితిలో తుపాయియ అనే నావికుణ్ణి ఓడ ఎక్కించుకున్నాడు. న్యూజిలాండ్‌లో దిగితే, అంతకుముందు ఎప్పుడూ చూడని మావోరీలతో తుపాయియ మాట్లాడగలిగాడు. వేల కిలోమీటర్ల దూరం, అయినా మాట కలిసింది! తర్వాత ఏడాది అతను బటావియాలో (ఇప్పటి జకార్తా) జబ్బుచేసి పోయాడు.

వనువాటులో దీనికి తలకిందులు. మూడు లక్షల చిల్లర జనం, వందకి పైగా భాషలు, దాదాపు అన్నీ ఓషియానిక్ కొమ్మవే. ఎక్కువ కాలం ఉన్నచోట భాషలు అలా చీలిపోతాయి.

నల్లబల్ల:
ఆఖరి ప్రశ్న. ఆస్ట్రో అన్నారు కాబట్టి ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలు కూడా ఇందులోవేనా?

పేరాక్_తెలుగమ్మాయి:
కావండీ. "ఆస్ట్రో" అంటే దక్షిణం, "నేసోస్" అంటే గ్రీకులో దీవి, అంతే. ఆస్ట్రేలియా భాషలు వేరు. న్యూ గినీలోనూ ఎక్కువగా తీరం వెంటే ఈ కుటుంబం కనబడుతుంది, పోర్ట్ మోర్స్‌బీ దగ్గర మోతు భాష అలాంటిదే. లోపలి కొండల్లో ఉన్న వందల భాషలు వీళ్ళు రాకముందు నుంచీ ఉన్నవి, వాటిని పాపువన్ అని కలిపి పిలుస్తారు గానీ అవి కూడా ఒక్క కుటుంబం కాదు. దాని మీద ఎవరైనా వేరే చర్చ మొదలుపెడితే నేనూ వస్తాను.